ఈ వారం ఇంట్లో చూడదగ్గ సినిమా

"ఇవాళ ఏమైనా చూశావా, పడుకున్నావా?"

ప్రతి బుధవారం సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ లూబెన్ అడిగే మాట ఇది. అప్పటికి భార్య రుమ్యానా చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంటుంది, బల్ల మీద అతని చొక్కా ఉంటుంది, పక్కగదిలో అత్తగారు గోడవారన ఉన్న వేడినీళ్ళ గొట్టం మీద చెంచాతో కొడుతూ ఉంటుంది. చూశానంటుంది రుమ్యానా. అయితే శుక్రవారానికి రాసిపెట్టు, ఒకటిన్నర పేజీ చాలు, ఏడుపులు తగ్గించు అని చెప్పి, అతను సాక్సులు అక్కడే వదిలేసి లోపలికి వెళతాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న రూసే పట్నంలో లూబెన్ గొంతు తెలియని ఇల్లు లేదు. వార్తలు, వానలు, నది నీటిమట్టం, అన్నీ ఇరవై ఆరేళ్ళుగా రేడియోలో ఆ గొంతే చెబుతోంది. శనివారం పదకొండింటికి మాత్రం అతనికి పది నిమిషాల సొంత కార్యక్రమం ఉంది. హాళ్ళకు రాని సినిమాలు, వచ్చినా రెండు రోజుల్లో ఎత్తేసిన సినిమాలు, ఎక్కడో కొండ ప్రాంతాల్లో ఎవరో తీసి ఎవరూ చూడని సినిమాలు, అలాంటి వాటిలోంచి వారానికి ఒకటి ఏరి, ఇది ఇంట్లో కూర్చుని చూడండి అని చెప్పే కార్యక్రమం. ఆ సినిమాల్లో ఒక్కదాన్నీ లూబెన్ పూర్తిగా చూడలేదు. కుర్చీలో పావుగంట కూర్చుని, నెమ్మదిగా ఉందే అని లేచిపోతాడు. చూసేది రుమ్యానా. రాసేది రుమ్యానా.

మొదట్లో అది సాయం. ఆమె పదకొండేళ్ళు పనిచేసిన సినిమా డిస్కుల దుకాణం మూతపడిన రోజున యజమాని, ఎవరూ అద్దెకు తీసుకోని సినిమాలన్నీ మూడు అట్టపెట్టెల్లో సర్ది ఆమె చేతికిచ్చి, నీకు తప్ప ఇవి ఎవరికీ అక్కర్లేదమ్మా అన్నాడు. ఆ నెలలోనే అత్తగారు త్సాంకా తుంటి విరగ్గొట్టుకుని కొడుకు ఇంటికి వచ్చింది. ఉద్యోగం ఎలాగూ పోయింది, అమ్మను చూసుకోవడానికి కలిసొచ్చింది అన్నాడు లూబెన్. కలిసొచ్చింది అన్న మాట రుమ్యానా చెవిలో చాలాకాలం ఉండిపోయింది. పదకొండేళ్ళపాటు జనం ఆమె బల్ల ముందు నిలబడి, ఇవాళ మనసు బాగోలేదు రుమ్యానా, ఏదైనా ఇవ్వు అని అడిగారు. వాళ్ళ ముఖం చూసి ఆమె సినిమా తీసి ఇచ్చేది. ఇప్పుడు ఆమెను అడిగేది చెంచా. ఒక దెబ్బ అంటే నీళ్ళు. రెండంటే మరుగుదొడ్డికి లేపాలి. మూడంటే ఊరికే, మనిషి కనబడాలి.

రేడియోలో ఒక శనివారం ఖాళీ పడి, ఏదో ఒకటి చెప్పాలని లూబెన్ కంగారుపడుతుంటే, ముందురోజు చూసిన సినిమా గురించి ఆమే నాలుగు ముక్కలు రాసి ఇచ్చింది. అది స్టేషను వాళ్ళకు నచ్చింది. మరుసటి వారం మళ్ళీ కావాలన్నారు. ఆ తర్వాత అడగడం కూడా ఎవరికీ గుర్తులేదు.

ఆమె చూసే తీరు వేరు. హంగేరీ నుంచి వచ్చిన ఒక సినిమాలో కొడుకు యుద్ధం నుంచి ఇంటికొస్తే అందరూ బల్ల చుట్టూ చేరి ఏడుస్తారు. ఆ తల్లి ఏడవదు, పులుసు మాడకుండా కలుపుతూ ఉంటుంది. డిస్కు అట్ట మీద రాసినవాళ్ళు యుద్ధం గురించి రాశారు. రుమ్యానా ఆ గరిటె గురించి రాసింది. పోర్చుగల్ సినిమా ఒకటి, సముద్రపొడ్డు దీపస్తంభం కాపలావాడి ఒంటరితనం గురించి రెండు గంటలు నడుస్తుంది. అతనికి రోజూ మెట్లెక్కి భోజనం మోసుకొచ్చే మనిషి అందులో మూడుసార్లే కనబడుతుందని, ఆ మూడుసార్లూ ఆమె ఆయాసపడుతోందని రాసింది. కాగితం ఇచ్చాక లూబెన్ తన పెన్నుతో, నేను ఏడ్చాను అని ఉన్నచోట, ప్రేక్షకుడు చలించిపోతాడు అని దిద్దేవాడు. కొన్నాళ్ళకు ఆ దిద్దడం కూడా మానేశాడు. మైకు ముందు కూర్చున్నాకే మొదటిసారి చదువుతాననీ, ఎప్పుడూ తడబడననీ ఇంట్లో గొప్ప చెప్పుకునేవాడు.

ఉత్తరాలు వచ్చేవి. మీరు మగవారై ఉండి మా ఇళ్ళల్లో సంగతి ఇంత దగ్గరగా ఎలా చూడగలిగారు అని ఆడవాళ్ళు రాసేవాళ్ళు. లూబెన్ వాటిని అన్నాల దగ్గర పైకి చదివేవాడు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. త్సాంకా కొడుకును చూసి మురిసిపోయి, కోడలి వైపు తిరిగి, మేమంతా ఫ్యాక్టరీలో నడుములు విరగ్గొట్టుకున్నాం, నువ్వు సినిమాలు చూస్తూ బతుకుతున్నావు, అదృష్టం కోడలా అనేది. రెండు వీధుల అవతల ఉండే ఆడపడుచు గింకా ఆదివారాలు కేకు పట్టుకొచ్చి, టీవీ మీద వేలు పెట్టి దుమ్ము చూసి, రోజంతా దీని ముందే ఉంటావు కదా వదినా, దీన్నైనా తుడవచ్చు కదా అనేది. రుమ్యానా తుడిచేది. తుడుస్తూ, నిన్న చూసిన సినిమాలో ఆ పనిమనిషి అద్దాన్ని ఎలా తుడిచిందో, తుడుస్తూ అందులో తన ముఖాన్ని ఎలా చూసుకోకుండా ఉండగలిగిందో ఆలోచించేది. అలా ఆలోచించుకోవడానికి ఏదో ఒకటి ఉన్నంతవరకూ రోజులు గడుస్తాయని అనుకునేది.

ఆ సెప్టెంబరులో రేడియో స్టేషనుకు యాభై ఏళ్ళు నిండాయి. సాంస్కృతిక భవనంలో సభ. ఆ వారమంతా రుమ్యానా బాల్కనీలో శీతాకాలానికి ఎర్ర బుట్ట మిరపకాయలు కాలుస్తోంది, నలభై కిలోలు. కాల్చి, తొక్క తీసి, సీసాలకెత్తాలి. గోళ్ళ సందుల్లో మంట. అది చాలదన్నట్టు సభకు జున్నూ గుడ్లూ పెట్టి కాల్చే పొరల రొట్టె, బానిత్సా, నాలుగు పళ్ళాలు చేసి పంపమన్నారు. చేసింది. ఉన్న ఒక్క నీలం గౌనూ వేసుకుని మూడో వరసలో కూర్చుంది.

వేదిక మీద యాంకరు పిల్ల లూబెన్‌ను అడిగింది, ఇన్ని సినిమాలు మీతో పాటు ఇంట్లో ఎవరు చూస్తారండీ అని. లూబెన్ మైకు దగ్గరకు లాక్కున్నాడు. రుమ్యానా ఊపిరి బిగపట్టింది. ఒక్క మాట, ఒక్క పేరు, అంతే అనుకుంది.

"మా ఆవిడకి సినిమా నిద్రమాత్ర లాంటిది" అన్నాడతను. "పేర్లు పడటం పూర్తయ్యేలోగా గురక వినబడుతుంది. అదిగో, మూడో వరసలో. ఇప్పుడు మేలుకునే ఉందా, ఎవరైనా చూసి చెప్పండి."

హాలంతా నవ్వింది. తలలు వెనక్కి తిరిగాయి. తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకుని ఆమె కుమిలిపోయింది ఆ మాటకు కాదు. ఆ మాట విని తనూ నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నోరు దానంతటదే నవ్వింది. పక్కనున్నావిడ ఆమె చెయ్యి నొక్కి, మనసెరిగిన మగాడితో కాపురం, పెట్టిపుట్టావమ్మా అంది.

ఇంటికి నడుస్తున్నప్పుడు రుమ్యానా అడిగింది, ఈ శనివారం నా పేరు చెబుతావా అని. లూబెన్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత ఓపిగ్గా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. రేడియో అంటే గొంతు అన్నాడు. జనం వింటున్నది సినిమాను కాదు, గొంతును అన్నాడు. నువ్వు ఎలాగూ ఇంట్లో కూర్చుని చూస్తావు, చూసింది రెండు ముక్కలు రాస్తావు, దానికి పేరెందుకు, నేను నీ వంట తిని బయట నీ పేరు చెబుతున్నానా అన్నాడు. ఆ మాట అనేసి తనే నవ్వాడు. అందులో కోపం లేదు. చలేస్తుందేమోనని తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు కూడా. ఆ కోటు బరువుకు రుమ్యానాకు ఊపిరాడలేదు. కొడితే చెప్పుకోవచ్చు. తాగొచ్చి అరిస్తే చెప్పుకోవచ్చు. కోటు కప్పిన మనిషి గురించి ఎవరితో ఏమని చెప్పుకోవాలి?

మర్నాడు పొద్దున అతను పనికి వెళ్ళాక ఆమె బాల్కనీలోకి వెళ్ళింది. ఆరో అంతస్తు. కాల్చాల్సిన మిరపకాయలు ఇంకా రెండు సంచులున్నాయి. కింద కార్లు, చెత్తడబ్బాలు, ఎవరో దులుపుతున్న తివాచీ. ఎంతసేపు నిలబడిందో ఆమెకు తెలియదు. కడ్డీ మీద పొట్ట ఆనించి ముందుకు వంగి ఉన్నాననీ, పాదాల్లో ఒకటి నేలను వదిలేసిందనీ మాత్రం కాసేపటికి తెలిసింది. భయం వేయలేదు. భయం వేయలేదన్న సంగతికి భయం వేసింది. లోపల చెంచా రెండుసార్లు మోగింది. పాదం కింద పెట్టి, వెళ్ళి అత్తగారిని లేపి, మరుగుదొడ్డిలో కూర్చోబెట్టి, తలుపు బయట గోడకు ఆనుకుని నిలబడింది. తనను బతికించింది ఒక ముసలామె ఒంటేలు అనుకుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ మధ్యాహ్నం ఆమె లూబెన్ బల్ల సర్దుతుంటే ఉత్తరాల కట్టలో విప్పని కవరు ఒకటి దొరికింది. పైన చేతిరాత మరీ చిన్నగా ఉందని పక్కన పడేసినట్టున్నాడు. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసి ఉంది. అయ్యా, మా ఇంట్లో సినిమా వేసుకునే యంత్రం లేదు. మీరు చెప్పినవాటిలో ఒక్కటి కూడా నేను చూడలేదు, చూడను కూడా. శనివారం మా ఆయన సారాకొట్టుకు పోయాక మీరు చెప్పేది వింటాను. వారమంతా పని చేసుకుంటూ ఆ సినిమాను లోపల వేసుకుని చూస్తాను. మీరు చెప్పినదానికంటే నా సినిమా పొడుగ్గా ఉంటుంది. అంతే రాసి ఉంది. పేరు లేదు.

రుమ్యానా ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అట్టపెట్టెలో ఇంకా చూడని డిస్కులు ఉన్నాయి. వాటి మీదకు చెయ్యి పోలేదు. ఎన్నడూ సినిమా చూడని మనిషికి సినిమా చెబుతున్నప్పుడు, ఆ సినిమా ఎక్కడో ఒకచోట ఉండి తీరాలా? శుక్రవారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. ఒకటిన్నర పేజీ. అందులో తన భర్త ఉద్యోగం మాత్రం మార్చి, చరిత్ర ఉపన్యాసకుణ్ణి చేసింది. కాగితం మడిచి అతని కోటు జేబులో పెట్టింది. ఆ రాత్రంతా ఆమెకు ఒకటే కోరిక, అతనికి తెలియాలి. తెలిసి అరిచినా సరే, మైకు ముందు గొంతు పట్టేసినా సరే, ఇంటికొచ్చి కంచం విసిరేసినా సరే. తెలిస్తే చాలు.

శనివారం పదకొండింటికి త్సాంకాను వంటింట్లోకి తెచ్చి చేతుల కుర్చీలో కూర్చోబెట్టింది. కొడుకు గొంతు వినేటప్పుడు ముసలామె జుట్టు దువ్వించుకుంటుంది. రుమ్యానా వెనక నిలబడి దువ్వుతోంది. రేడియోలో లూబెన్ గొంతు మెత్తగా, నిండుగా మొదలైంది.

"ఈ వారం సినిమాలో ఎవరూ ఎవరినీ కొట్టరు. అందులో భయంకరమైన సంగతి అదే. ఆరో అంతస్తులో ఒక ఇల్లు. మొదటి అరగంటా ఒక ఆడమనిషి ఇస్త్రీ చేస్తుంది. పక్కగదిలో మంచాన పడ్డ ముసలామె చెంచాతో గొట్టం మీద కొడితే లేచి వెళుతుంది, మళ్ళీ వస్తుంది. మనం లెక్కపెడితే పదకొండుసార్లు. ఆమె మధ్యాహ్నాలు ఏవో పుస్తకాలు చదివి కాగితం మీద రాస్తుంది. సాయంత్రం భర్త వాటిని తీసుకెళ్ళి సభల్లో ఉపన్యాసం చేస్తాడు. ఇంటికి వచ్చి, ఆమె రాసిన మాటల్నే ఆమెకు కొత్తగా చెబుతాడు. ఆమె అవునా అంటుంది."

రుమ్యానా చేతిలో దువ్వెన ఆగింది. ఆ గొంతు తడబడలేదు.

"అతను చెడ్డవాడు కాదు. ఉప్పు అందిస్తే మెచ్చుకుంటాడు. చలేస్తే కోటు కప్పుతాడు. ఆమె పేరు మాత్రం సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా పలకడు, మీరు జాగ్రత్తగా వింటే తెలుస్తుంది. ఒక పొద్దున ఆమె బాల్కనీలో నిలబడి కిందకు చూస్తుంది. వెనకనుంచి చూపిస్తారు కాబట్టి ముఖం కనబడదు. ఒక పాదం మాత్రం నేల మీద లేదు. ఈ సినిమాను ఒంటరిగా చూడకండి. పక్కన ఎవరూ లేకపోతే, కిటికీ మూసి చూడండి."

తర్వాత పాట వేశారు. త్సాంకా కదలలేదు. ఒళ్ళో ఉన్న చెంచాను తిప్పి తిప్పి చూసుకుంది.

"ఆ సినిమావాళ్ళకి నా చెంచా సంగతి ఎవరు చెప్పారే?"

"నేనే చెప్పానమ్మా."

ముసలామె చెంచా తిప్పడం ఆపింది. "బాల్కనీ సంగతి నిజమేనా?" అంది. రుమ్యానా దువ్వెనలో చిక్కిన తెల్లవెంట్రుకలు తీస్తూ ఉండిపోయింది. త్సాంకా వెనక్కి చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఇంకా ఫ్యాక్టరీ బలం ఉంది.

"వాడికి ఇవాళ తెలిసిపోయి ఉంటుందనుకుంటున్నావు కదూ. తెలియదు చూడు."

ఒంటిగంటన్నరకు లూబెన్ వేడి రొట్టె పట్టుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు. చెంపలు ఎర్రబడి ఉన్నాయి. రుమ్యానా వంటింటి మధ్యలో నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతను ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఇంత స్పందన రాలేదని చెప్పాడు. పాట అయ్యేలోపే పన్నెండు ఫోన్లు వచ్చాయట, అందరూ ఆడవాళ్ళేనట, ఒకావిడ ఏడ్చేసిందట. సినిమా ఎక్కడ దొరుకుతుందని అడిగితే, సోమవారం కనుక్కుని చెబుతానని పేర్లూ నంబర్లూ రాసుకొచ్చాడట. జేబులోంచి ఆ చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

"డిస్కు ఎక్కడుంది? సినిమా పేరు రాయడం మర్చిపోయావు, నేనే ఏదో సర్దేశాను."

"చదువుతుంటే నీకేమనిపించింది?" అని అడిగింది రుమ్యానా.

"మంచి సినిమాలా ఉంది. కొంచెం బరువు."

"ఎవరైనా గుర్తొచ్చారా?"

లూబెన్ రొట్టె తుంచబోయి ఆగాడు. నిజంగానే ఆలోచించాడు. కళ్ళల్లో చిన్న తడి కూడా మెరిసింది.

"నాన్న గుర్తొచ్చాడు" అన్నాడు నెమ్మదిగా. "అచ్చం మా నాన్నే. పాపం అమ్మ ఎలా వేగిందో." వెళ్ళి తల్లి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత పులుసు తాగి, చాలా బాగుందని చెప్పి, కాసేపు నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకున్నాడు.

రుమ్యానా సింకు దగ్గర నిలబడి అతను తాగిన గిన్నె వైపు చూసింది. ఇంత నిశ్శబ్దం ఆమె లోపల ఎప్పుడూ లేదు. రాత్రంతా తను సిద్ధపడింది అతని కోపానికి. కోపం కూడా రాలేదు. అద్దం తెచ్చి ముఖానికి ఎదురుగా పట్టుకుంటే, చనిపోయిన తండ్రిని చూసి జాలిపడ్డాడు. ఇంకేం చెప్పాలి? ఏ మాట మిగిలింది? ఎన్నాళ్ళుగానో ఆమె అనుకుంటున్నది, అతనికి సరిగ్గా చెప్పడం తనకు రావడం లేదని. చెప్పింది. అతని గొంతుతోనే, ఊరంతా వినేట్టు చెప్పింది. పన్నెండు మందికి అర్థమైంది. ఒక్కడికి కాలేదు.

"గింకాకి ఫోన్ చెయ్యి" అంది వెనకనుంచి త్సాంకా.

రుమ్యానా తిరిగి చూసింది.

"రేపు కేకు తేవద్దను, కారు తెమ్మను. నన్ను తీసుకెళ్ళమను. తొమ్మిదేళ్ళు ఆదివారం చుట్టంలా వచ్చిపోయింది, నా కడుపున పుట్టిందేగా, కొన్నాళ్ళు మొయ్యనీ." ముసలామె గొంతు కటువుగానే ఉంది, ఎప్పట్లాగే. "నన్ను అడ్డం పెట్టుకుని ఇక్కడ ఉండకే కోడలా. నేను వాళ్ళ నాన్నకి నలభై ఏళ్ళు చెప్పాలని చూశాను. సమాధి దగ్గర కూడా చెప్పాను."

రుమ్యానా ఆమె ఎదుట కూర్చుంది. పక్కగదిలోంచి లూబెన్ గురక సన్నగా వినబడుతోంది. కాసేపయ్యాక ఆమె గింకాకు ఫోన్ చేసింది. అటువైపు నుంచి అదేమిటి వదినా, ఇంత సడన్‌గా అంటే ఎలా, మా ఇల్లు చిన్నది అని చాలా మాటలు వచ్చాయి. అన్నీ విని, రేపు పదింటికి అమ్మ సిద్ధంగా ఉంటుంది అని పెట్టేసింది. ఎక్కడికి వెళుతుంది, వెళ్ళి ఏం చేస్తుంది, ఏదీ తెలియదు. యాభై రెండేళ్ళ ఆడదాన్ని ఎవరు పనిలో పెట్టుకుంటారు? తెలియకపోవడం బాల్కనీ కడ్డీలాగే చల్లగా ఉంది. కానీ రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి.

బల్ల మీద చీటీ ఉంది. లూబెన్ చక్కటి గుండ్రటి రాతలో పన్నెండు పేర్లు, పన్నెండు నంబర్లు. వీళ్ళకు సోమవారం అతను ఏమని చెబుతాడు? దొరకలేదు, మరో మంచి సినిమా చూడండి అంటాడు. రుమ్యానా మొదటి నంబరు నొక్కింది.

ఎత్తిన మనిషి పేరు దాఫీనా. ట్రాలీ బస్సు నడుపుతుందట, ఇప్పుడే బండి డిపోలో పెట్టిందట, వెనక ఎవరో ఇనుము మీద కొడుతున్న చప్పుడు. రేడియోలో చెప్పిన సినిమా గురించి ఫోన్ చేశానంది రుమ్యానా.

"మీరు స్టేషన్ వాళ్ళా?"

"కాదండీ. అది రాసింది నేను. నా పేరు రుమ్యానా." తొమ్మిదేళ్ళ తర్వాత తన పేరు తన చెవికే కొత్తగా వినిపించింది. "ఆ సినిమా డిస్కు ఎక్కడా దొరకదండీ. వెతక్కండి."

అటువైపు చప్పుడు ఆగింది. ఆ మనిషి చప్పుడు వచ్చే చోటునుంచి పక్కకు నడిచినట్టుంది. అర్థం చేసుకుంటోందని రుమ్యానాకు తెలిసింది. ఆ ఊపిరిని బట్టే తెలిసింది. దుకాణంలో బల్ల అవతల నిలబడ్డవాళ్ళ ఊపిరి అలాగే ఉండేది.

"నేను బండి నడుపుతూనే విన్నాను" అంది దాఫీనా చివరకు, బాగా గొంతు తగ్గించి. "రెండు స్టాపుల్లో ఆపడం మర్చిపోయాను, మూడోదాంట్లో ఆపి ఫోన్ చేశాను. ఒక్కటి చెప్పండి. ఆఖరున ఏమవుతుందో ఆయన చెప్పలేదు. ఆ బాల్కనీలో ఆవిడ... ఏం చేస్తుందండీ?"

రుమ్యానా గదిలోని గురక వింది. ఎదుట కుర్చీలో త్సాంకా చెంచా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళార్పకుండా తననే చూస్తోంది.

"రేపు పొద్దున వెళ్ళిపోతుంది" అంది.